నాలుగు బొక్కలతో అయిపోతాదన్న ఆపరేషన్, నాయనకు ఏమిటికి కోయాల్సి వచ్చిందంటే

పోయిన మార్చిలో ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకు నాయనను ఆపరేషన్ థియేటర్ లోపలికి తీసుకపోయినారు. కర్నూల్లోనే, ఒక ప్రైవేట్ ఆసుపత్రి. గాల్ బ్లాడర్ (పిత్తాశయం) లో రాళ్ళు. కడుపుకు నాలుగు చిన్న బొక్కలు (రంధ్రాలు) పెట్టి, లోపలికి కెమెరా పంపి టీవీలో చూస్తా చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్. గంట, గంటంబావులో అయిపోతాది, సాయంత్రానికి లేచి నడుస్తాడు, ఎల్లుండి ఇంటికి పోవచ్చు అన్నారు. మేమూ అట్లే వచ్చినాం, ఒక సంచిలో రెండు పంచెలు, రెండు టవళ్ళు, ఫ్లాస్కు, అంతే. పదిన్నర దాటింది, పదకొండు దాటింది, తలుపు తెరుచుకున్నప్పుడల్లా అమ్మ లేచి నిలబడతా ఉంది. పదకొండుంబావుకు డాక్టర్ సారే బయటికి వచ్చినారు, పచ్చ గౌనులో, మాస్కు గడ్డం కిందికి లాగి. "అమ్మా, ఆయనకు ఏం ప్రమాదం లేదు, బీపీ అంతా బాగుంది. కానీ లోపల బాగా అతుక్కపోయి ఉంది, ఏది ఏ నాళమో తేలడం లేదు. ఇట్లే బొక్కల్లోంచి చేస్తే బైల్ డక్ట్ కు, అంటే పిత్తరసం పోయే పెద్ద నాళానికి, దెబ్బ తగలొచ్చు. కోసి చేస్తాను" అన్నారు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చిన్నాయన మాత్రం సారు లోపలికి పోతానే, "చేతకాక కోస్తాండారు, హైదరాబాదుకు పోయింటే ఇట్ల అయ్యేదే కాదు" అన్నాడు. అబద్ధం ఏమిటికి, ఆ నిమిషం నేనూ అట్లే అనుకున్నా. ఏదో తప్పు జరిగింది, చెడగొట్టి ఇప్పుడు సర్దుకుంటాండారు అనే అనిపించింది. ఆ రోజు రాత్రి సారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పేదాకా నా మనసులో అదే ఉండింది. తర్వాత మా ఊర్లో, స్కూల్లో ఎవరితో మాట్లాడినా "అయ్యో, ఫెయిల్ అయిందా లాప్రోస్కోపీ" అనే అడిగినారు. ఫెయిల్ కాలేదు. అది చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తాండా.

ముందు నాయన సంగతి. వయసు 63, షుగరు పదకొండేళ్ళ నుంచి, పత్తికొండ పక్కన పల్లె, ఉల్లిగడ్డ, కొంచెం టమాటా పెడతాడు. మొదటిసారి నొప్పి వచ్చింది పోయినేడాది జూన్ లో, ఒక దినం భోజనంలో మటన్ తిని వచ్చిన రాత్రి, కుడిపక్క పక్కటెముకల కింద పట్టుకోని వీపులోకి, భుజం రెక్క దాకా లాగింది. గ్యాస్ అన్నారు. వాము నమిలినాడు, సోడా తాగినాడు, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నాడు, తెల్లారేసరికి తగ్గింది. మళ్ళీ ఇరవై రోజులకు వచ్చింది. గుండె ఏమోనని భయపడి ఈసీజీ తీపిస్తే అది బాగానే ఉంది. ఇట్ల రెండు నెలలు గ్యాస్ మాత్రలతోనే గడిచింది. ఆగస్టులో స్కాన్ తీస్తే రాళ్ళు కనపడినాయి, పెద్దది 18 మిల్లీమీటర్లు, గాల్ బ్లాడర్ గోడ 3 మిల్లీమీటర్లు. అంటే గోడ అప్పటికి మామూలుగానే ఉంది. ఆపరేషన్ చేయించుకోండి, ఇప్పుడైతే సులభం అని స్కాన్ చూసిన డాక్టరమ్మ చెప్పింది.

కానీ అప్పుడు పొలంలో గడ్డ ఊరతా ఉంది. గడ్డ పీకి, కోసి, కర్నూలు మార్కెట్ యార్డుకు తోలేదాకా యాడికీ రానన్నాడు. ఆ తర్వాత దీపావళి దాటినాక పెద్ద నొప్పి, ఈసారి చలిజ్వరంతో, వాంతులతో. అడ్మిట్ చేసినాం, ఐదు రోజులు సెలైన్లు, యాంటీబయాటిక్ సూదులు. అప్పుడే రెండు దార్లు చెప్పినారు, వాపు మొదలైన మూడు నాలుగు రోజుల్లోనే తీసేయొచ్చు, లేదంటే వాపు తగ్గించుకోని ఆరువారాల తర్వాత రావచ్చు అని. మేము రెండోది ఎంచుకున్నాం. ఆరువారాలు పోయి పుష్యమాసం, మాఘంలో చెల్లెలి పెళ్ళి, పెళ్ళయ్యేదాకా కోత గీత వద్దు అని అమ్మ, అట్ల అట్ల మార్చి వచ్చింది. మధ్యలో ఇంకో రెండుసార్లు నొప్పి వచ్చింది, పెళ్ళి పనుల్లో ఎవరికీ చెప్పలేదంట. ఆపరేషన్ కు ముందు తీసిన స్కాన్ లో గోడ 6 మిల్లీమీటర్లు. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకోని ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు నాకు కనపడిందీ అంకె ఒక్కటే, 3 కాస్తా 6 అయింది. ఆ తేడా మేము ఆగిన ఏడు నెలలది.

ఇప్పుడు ఆ బొమ్మ సంగతి. రాత్రి ఎనిమిదిన్నరకు రౌండ్స్ అయినాక నేనే సారు గదికి పోయి అడిగినా, సార్ మాకు అర్థం కాలేదు, కొంచెం చెప్పండి అని. మందులచీటీ వెనకపక్క గీసినారు. పైన లివర్. దాని కింద వేలాడే చిన్న తిత్తి గాల్ బ్లాడర్, మామూలుగా 30 నుంచి 50 మిల్లీలీటర్ల పిత్తరసం పట్టేంత తిత్తి. లివర్ నుంచి ఒక నాళం కిందికి పేగులోకి పోతాది, అది పెద్ద కాలువ అనుకోండి, దాన్నే బైల్ డక్ట్ అంటారు, వెడల్పు 6 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ, పెన్సిల్ కన్నా సన్నం. తిత్తి నుంచి ఒక చిన్న పిల్లకాలువ వచ్చి ఆ పెద్ద కాలువలో కలుస్తాది. ఆపరేషన్ లో చేసేదంతా ఏమంటే, ఆ పిల్లకాలువకు, తిత్తికి పోయే సన్న రక్తనాళానికి క్లిప్పులు వేసి, రెంటినీ కత్తిరించి, తిత్తిని లివర్ మీదనుంచి ఒలిచి బయటికి తీసేది. పెద్ద కాలువను ముట్టుకోకూడదు.

ముట్టుకుంటే ఏమయితాదంటే, పిత్తరసం కడుపులోకి కారతాది, లేదంటే దారి మూసుకపోయి కామెర్లు వస్తాయి, పెద్ద కాలువే తెగిపోతే పేగును పైకి తెచ్చి లివర్ కాడ నాళానికి కుట్టాల్సి వస్తాది, అది చానా పెద్ద ఆపరేషన్, ఆ తర్వాత కూడా మనిషి ఏండ్ల తరబడి ఇబ్బంది పడొచ్చు. లాప్రోస్కోపీలో ఇట్లాంటి దెబ్బ వెయ్యి మందిలో ముగ్గురు నలుగురికి తగులుతాదంట. తక్కువే. ఆ ముగ్గురు నలుగురిలో మీ నాయన ఉండకూడదనే నేను కోసినా అన్నారు సారు.

మరి అంత పెద్ద కాలువను పిల్లకాలువ అని ఎట్ల పొరబడతారు సార్ అని అడిగినా. ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. వాపు వచ్చి తగ్గి, మళ్ళీ వచ్చి తగ్గి, ఇట్ల నాలుగైదుసార్లు అయితే ఆ తిత్తి మెడ కాడ ఉండే కొవ్వంతా గట్టిపడి, తెల్లగా నారలాగా అయిపోతాదంట. మామూలుగా ఆ మూలలో మెత్తని పసుప్పచ్చ కొవ్వు ఉంటాది, మెల్లగా పక్కకు నెట్టితే నాళం, రక్తనాళం రెండూ తేటగా కనపడతాయి. గట్టిపడితే అన్నీ ఒకే ముద్ద. పైగా తిత్తిని పైకి పట్టి లాగేటప్పుడు, అది కుంచించుకపోయి ఉంటే పెద్ద కాలువ కూడా దాంతోపాటు పైకి లేచి వస్తాది, టీవీలో చూస్తే అచ్చం పిల్లకాలువ మాదిరే తిత్తిలోకి పోతున్నట్టు కనపడతాది. చూసే మనిషికి అనుమానమే రాదు. చేతకాని వాళ్ళు కాదు, చేయి తిరిగిన వాళ్ళు కూడా అక్కడే మోసపోతారు అన్నారు.

అందుకనే 1995 లో స్ట్రాస్‌బర్గ్ అనే అమెరికా సర్జన్ ఒక పద్ధతి పెట్టినాడంట, ఇప్పుడు సర్జన్లు ఎక్కువగా పాటించేది అదే. ఆ మూలలో కొవ్వు, నార అంతా శుభ్రం చేయాల. తిత్తి కింది భాగం మూడోవంతు లివర్ మీద నుంచి ఒలిచి వెనక లివర్ కనపడాల. తిత్తిలోకి రెండే రెండు పోతుండాల, ఒక నాళం, ఒక రక్తనాళం, మూడోది ఉండకూడదు. ఈ మూడూ కంటికి కనపడినాకనే కత్తెర పెట్టాల. కనపడకపోతే కత్తిరించకూడదు. నాయనకు గంటన్నర సేపు ప్రయత్నం చేసినా అది కనపడలేదు, 18 మిల్లీమీటర్ల రాయి పోయి తిత్తి మెడలో ఇరుక్కోని పెద్ద కాలువను నొక్కిపెట్టి ఉంది, పక్కన పేగు కూడా వచ్చి తిత్తికి అంటుకోని ఉంది. అప్పుడు ఆగినారు. ఆగడమే ఆ రోజు జరిగిన మంచి పని అని ఇప్పుడు నేను నమ్ముతాండా.

కోస్తే ఏం లాభం, ముద్ద ముద్దే కదా అని నాకు వచ్చిన ఇంకో అనుమానం. నిజమే, కోసినంత మాత్రాన గట్టిపడింది మెత్తబడదు. కానీ బొక్కల్లోంచి చేసేటప్పుడు సర్జన్ చేతిలో ఉండేవి జానెడు దాటిన పొడుగు కడ్డీలు, కంటికి కనపడేది టీవీలో బొమ్మ, ఎక్కువ చోట్ల అది లోతు తెలియని బొమ్మ. చేత్తో తాకే ఉపాయం లేదు. కోసినాక వేళ్ళు లోపల ఉంటాయి. ఇది రాయి, ఇది రక్తనాళం కొట్టుకుంటా ఉంది, ఇది పేగు అని వేలికి తెలుస్తాది. రక్తం కారితే బొట్టు రెండు బొట్లకే కెమెరా ఎర్రగా అయిపోతాది, కోసినప్పుడైతే వేళ్ళతో అక్కడే అదిమి పట్టుకోని, తుడుచుకోని, నిదానంగా చూసుకోవచ్చు. అప్పటికీ మెడ కాడ తేలకపోతే తిత్తిని తెరిచి రాళ్ళు తీసేసి, ప్రమాదం ఉండే ఆ చివర కొంచెం వదిలేసి మిగతాది తీసేస్తారంట, అది లాప్రోస్కోపీలో కూడా కొందరు చేస్తారు, నాయనకు కూడా చివరికి అట్లే చేసినారు.

మూడో రోజు నాయన కొంచెం లేచి కూర్చున్నాడు. నేను ఈ బొమ్మంతా ఆయనకు మళ్ళీ గీసి చెప్తాంటే సగంలోనే ఆపి, "గడ్డ పీకినట్లే కదమ్మా" అన్నాడు. "పదును ఉన్నప్పుడు ఆకు పట్టుకోని లాగితే వేర్లతో సహా చేతిలోకి వస్తాది. నల్లరేగడి ఎండి బిర్రుగా పట్టుకున్నాక లాగినావనుకో, ఆకు తెగి చేతికొస్తాది, గడ్డ లోపలే ఉంటాది. అప్పుడు పార పెట్టి చుట్టూ తవ్వాల్సిందే. ఆ సారు పార పెట్టినాడు, అంతే." చిన్నాయన అక్కడే స్టూలు మీద కూర్చోని ఉన్నాడు. ఏం మాట్లాడలేదు గానీ ఆ రోజు నుంచి హైదరాబాదు మాట ఎత్తలేదు.

అన్నట్టు ఆ హైదరాబాదు మాటతో పాటు, కోసి తీసేది "పాతకాలం పద్ధతి" అనే మాట కూడా విన్నాం చానామంది నోట. గాల్ బ్లాడర్ ను మొట్టమొదట కోసి తీసింది 1882 లో బెర్లిన్ లో లాంగెన్‌బుక్ అనే సర్జన్. జర్మనీలోనే ఎరిక్ ముయె అనే ఆయన 1985 లో లాప్రోస్కోపీతో తీసేదాకా, నూరేండ్ల పైన ప్రపంచమంతా కోసే తీసినారు. మన దేశంలో 1990 లో ముంబైలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టినారు. అంటే మన జేజి కాలంలో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయింటే కోతే. అప్పుడు అది ఒక్కటే దారి, ఇప్పుడు అది రెండో దారి, మొదటి దారిలో పోలేనప్పుడు ప్రాణానికి అడ్డం పడే దారి. ఈ రోజుల్లో నేర్చుకునే కుర్ర డాక్టర్లకు కోసి చేసే కేసులు తక్కువ దొరుకుతాయంట, కోయాల్సి వచ్చినప్పుడు ధైర్యంగా కోయగలిగిన సర్జన్ దొరకడం కూడా అదృష్టమే అనిపించింది నాకు.

అందరికీ నాయన మాదిరి కాదు. వాపు లేనప్పుడు ముందుగా డేట్ అనుకోని చేసుకునే వాళ్ళలో నూటికి ఐదుగురి లోపే కోయాల్సి వస్తాది. వాపు మీద చేస్తే పది మందికి, ఒక్కోచోట ఇరవై మందికి కూడా. వయసు 60 దాటినవాళ్ళు, మగవాళ్ళు (రాళ్ళు ఆడవాళ్ళకే ఎక్కువ వస్తాయి, కానీ కోతదాకా పోయేది మగవాళ్ళలో ఎక్కువ), షుగరు ఉన్నవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు, మళ్ళీ మళ్ళీ నొప్పి వచ్చినవాళ్ళు, స్కాన్ లో గోడ మందంగా ఉన్నవాళ్ళు, ఇంతకుముందు పైకడుపులో ఆపరేషన్ అయినవాళ్ళు. ఈ లెక్కలో నాయనకు నాలుగైదు ఉన్నాయి. ఇవి కాకుండా వేరే కారణాలు కూడా ఉంటాయి. లోపల చూసినాక క్యాన్సర్ అనుమానం వస్తే కోస్తారు. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్ళకు కడుపులోకి ఎక్కించే గ్యాస్ పడదు, అది కార్బన్ డయాక్సైడ్, బీపీ కొలిచే లెక్కలో 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఒత్తిడితో కడుపును బుడగ మాదిరి ఉబ్బిస్తారు, ఆ ఒత్తిడికి బీపీ పడిపోయేవాళ్ళుంటారు. ఒక్కోసారి రక్తం ఆగక, అరుదుగా మిషన్ పాడై కూడా.

షుగరు గురించి ఒక్క మాట. వాళ్ళలో వాపు తొందరగా ముదిరిపోతాది, నొప్పి మాత్రం కొన్నిసార్లు అంత తెలియదు. నాయన పెళ్ళి పనుల్లో "ఏదో కొంచెం పట్టినట్టుండె" అన్న ఆ రెండుసార్లు లోపల ఏం జరిగిందో మార్చిలో తెలిసింది.

రాళ్ళున్న ప్రతి మనిషీ పరిగెత్తి ఆపరేషన్ చేయించుకోవాలని నేను అనడం లేదు. వేరే దేనికో స్కాన్ తీస్తే రాళ్ళు బయటపడి, ఎప్పుడూ నొప్పి లేనివాళ్ళను చానావరకు డాక్టర్లే వదిలేయమంటారు. నొప్పి మొదలైనవాళ్ళ సంగతే నేను చెప్పేది. నొప్పి ఒకసారి వచ్చిందంటే చానామందికి మళ్ళీ వస్తాది, వాపు వచ్చిన ప్రతిసారీ లోపల కొంచెం కొంచెం అతుక్కుంటా పోవచ్చు.

నాకు బాధ ఉండే విషయం ఒకటుంది. ముందురోజు రాత్రి తొమ్మిదికి నర్సమ్మ నాలుగు పేజీల కాగితాలు తెచ్చి, పెన్నుతో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం చేయమనింది, చేసినా. అందులో "అవసరమైతే ఓపెన్ సర్జరీకి మార్చుటకు సమ్మతి" అని ఒక లైను ఉంది, తర్వాత చూసుకున్నా. సారు కూడా షుగరు ఎంతుంది, మత్తు ఎట్ల ఇస్తారు అని చెప్తా మధ్యలో ఆ మాట అన్నారు, మా చెవికి ఎక్కలేదు. నూట్లో ఐదు మంది అని మామూలుగా చెప్పినట్టు కాకుండా, "మీ నాయనకు గోడ 6 ఉంది, నాలుగైదుసార్లు నొప్పి వచ్చింది, కోయాల్సి రావొచ్చు, అందుకు సిద్ధంగా రండి" అని పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పింటే, ఆ పొద్దు వరండాలో అమ్మ అట్ల వణికేది కాదు. మేమైనా అడిగుండాల. అడగాల్సింది మూడే, మాకు కోత పడే అవకాశం ఎంత, నాళం తేలకపోతే మీరేం చేస్తారు, కోస్తే ఎన్ని రోజులు.

కోత అంటే కుడిపక్క పక్కటెముకల కింద ఏటవాలుగా, నాయనకు దాదాపు 15 సెంటీమీటర్లు. ఇంటికి రెండు రోజుల్లో అనుకున్నది ఆరు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు దగ్గు వస్తే ప్రాణం పోయేంత నొప్పి, దిండు కోత మీద అదిమి పట్టుకోని దగ్గమన్నారు, అది నిజంగా పని చేసింది. మూడు బంతుల డబ్బా ఒకటిచ్చినారు, ఊపిరి లోపలికి లాగితే బంతులు పైకి లేవాల. మొదటిరోజు ఒక్క బంతి కూడా కదల్లేదు, నొప్పికి ఊపిరి పీల్చడమే మానేసినాడు, అట్లయితే ఊపిరితిత్తుల్లో కఫం పట్టి నిమోనియా వస్తాదని నర్సమ్మ గంటకోసారి వచ్చి చేయించేది. నాలుగోరోజుకు రెండు బంతులు లేచినాయి, అమ్మ ఆ డబ్బా దిక్కే చూస్తా కూర్చునేది. కడుపులో పెట్టిన ట్యూబు సంచిలోకి మొదట ఎర్రగా, తర్వాత లేతగా, తర్వాత నీళ్ళ మాదిరి వచ్చింది. పచ్చగా వస్తే పిత్తరసం కారుతున్నట్టంట, కొంచెం తిత్తి వదిలినారు కదా, అందుకని పొద్దున లేస్తానే నేను మొదట చూసేది ఆ సంచి రంగే. పచ్చ రాలేదు. ఐదోరోజు ట్యూబు తీసినారు. రెండు నెలలు బరువు ఎత్తొద్దన్నారు, ఎత్తితే కోత కాడ హెర్నియా వస్తాదని. ఎత్తలేదు, గడ్డ నాటు కూడా కూలీలతోనే చేయించినాడు, గట్టు మీద కూర్చోని.

రాళ్ళను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చినారు. కందిబేడలంతవి పదకొండు, రేక్కాయంత పెద్దది ఒకటి. తిత్తి ముక్కను బయాప్సీకి పంపినారు. ట్రే లో చూపించినప్పుడు నేను చూసినా, బెలూన్ మాదిరి పల్చగా ఉండాల్సింది చెప్పు తోలంత మందంగా, బిగుసుకపోయి ఉంది. పన్నెండు రోజులకు రిపోర్టు వచ్చింది, చానాకాలం వాపు వల్లే, క్యాన్సర్ లేదు.

ఎమ్మిగనూరు చిన్నమ్మ పోయిన వారం ఫోన్ చేసింది. రాత్రి రెండింటికి కుడిపక్క నొప్పి, వీపులోకి లాగిందంట, స్కాన్ తీపిస్తే రాళ్ళున్నాయన్నారు. గోడ ఎంత చిన్నమ్మా అని అడిగినా. రిపోర్టు వెతికి చదివింది, 3 మిల్లీమీటర్లు. శ్రావణమాసం పూజలు, నోములు ఉన్నాయి కదమ్మా, దసరా పోయినాక చూద్దాం అనింది. నేను నాయనకు ఫోన్ ఇచ్చినా. ఆయనేం చెప్పినాడో గానీ సోమవారం ఆమెను కర్నూలుకు తీసుకొస్తాండారు, అడ్మిషన్ కు.